ట్యూరింగ్ గారి హూటర్

థియరీ ఆఫ్ కంప్యుటేషన్ చదివిన మనందరికీ ఆలన్ ట్యూరింగ్ అంటే ఒక అంతులేని టేపు, దాని మీద అటూ ఇటూ జరిగే ఒక హెడ్, సెమిస్టర్ ఎగ్జామ్‌లో ఒక పెద్ద ప్రశ్న. కొందరికి 2014లో వచ్చిన ఇమిటేషన్ గేమ్ సినిమా కూడా గుర్తుండొచ్చు. మొన్నటిదాకా నాకు తెలిసిందీ ఇంతే. నేను ఆయన దగ్గరికి వచ్చింది సిలబస్ దారిలో కాదు, ప్రింటర్ దారిలో. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లతో పాటలు వాయించే వీడియోలు ఉంటాయి, మీరూ చూసే ఉంటారు. అవి చూసి చూసి, పాట కోసం తయారు చేయని మెషిన్‌తో పాట పాడించాలని ముందు ఎవరికి తోచిందా అని వెతకడం మొదలుపెట్టాను. ఆ దారి 1951లో మాంచెస్టర్ యూనివర్సిటీకి, ట్యూరింగ్ గారి కంప్యూటర్ ల్యాబ్‌కి చేరింది. ఇంకా వెనక్కి పోతే పార్వతీపురం, బెజవాడ, కర్నూలు చేరింది. అది చూశాక ఇక రాయకుండా ఉండలేకపోయాను.

ముందు ప్రింటర్ సంగతి చెప్తాను, తర్వాత అంతా తేలిక అవుతుంది. మాది ఆర్మూర్ పక్కన వేల్పూర్, పసుపు పండే ఊరు. మా వైపు వే బ్రిడ్జిల దగ్గర ట్రాక్టర్ తూకం అయ్యాక వచ్చే కాంటా చీటీ ఇప్పటికీ చాలాచోట్ల డాట్ మ్యాట్రిక్స్‌లోనే వస్తుంది. పాత వస్తువు మీద ప్రేమతో కాదు. రైతుకొక కాపీ, షావుకారికొక కాపీ, కాంటా వాళ్లకొక కాపీ కావాలి. లేజర్ ప్రింటర్ కాగితాన్ని కొట్టదు, ఇది కొడుతుంది. దీని హెడ్‌లో నిలువు వరసలో 9 సన్నటి పిన్నులు ఉంటాయి, కొన్ని మోడళ్లలో 24. హెడ్ పక్కకి జరుగుతుంటే ఈ పిన్నులు రిబ్బన్ మీద టకటకా కొడతాయి. ఆ దెబ్బకే కింద కార్బన్ కాపీ మీద కూడా అక్షరం పడుతుంది.

ఆ దెబ్బలే చప్పుడు. ఆ చప్పుడులోనే స్వరం ఉంది. హెడ్ సెకనుకు 10 అంగుళాలు జరుగుతుంది అనుకోండి. అంగుళానికి 60 చుక్కలు పెడితే సెకనుకు 600 దెబ్బలు, అంటే 600 హెర్ట్జ్. ఒకటి విడిచి ఒకటి పెడితే 300. ప్రతి మూడో చోట మాత్రమే పెడితే 200. ఈ 200ని స అనుకుంటే 300 దానికి ఒకటిన్నర రెట్లు, అంటే సరిగ్గా ప. తంబురాలో మీటే రెండు స్వరాలూ దొరికినట్టే. కాగితం మీద పడేది అర్థం లేని చుక్కల వరస, చెవికి వినిపించేది మాత్రం పాట. ఈ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. ఒకే చప్పుడు సమానమైన గ్యాప్‌తో చాలా వేగంగా వస్తే అది స్వరం అవుతుంది.

ఇప్పుడు ట్యూరింగ్ గారి కథ.

ఆయన నాన్న జూలియస్ ట్యూరింగ్ మద్రాస్ ప్రెసిడెన్సీలో ఐసీఎస్ ఆఫీసర్. అమ్మ ఈథెల్ సారా. 1907లో పెళ్లయ్యాక ఇద్దరూ ఇక్కడికి వచ్చారు. పెద్దకొడుకు జాన్ 1908లో కూనూర్‌లో పుట్టాడు. ఆ తర్వాత అంతా ట్రాన్స్‌ఫర్లే. పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు, చివరికి 1911 మార్చిలో ఛత్రపురం. ఛత్రపురం ఇప్పుడు ఒడిశాలో ఉంది, అప్పుడు మద్రాస్ ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. మా వేల్పూర్ అప్పట్లో నిజాం రాజ్యం కాబట్టి ఆ లిస్టులో మా వైపు ఊరు ఏదీ లేదు. అయినా ఆ ఊళ్ల పేర్లు చదువుతుంటే ఆర్టీసీ బస్సు బోర్డులు చదివినట్టు అనిపించింది. ఆలన్ తల్లి కడుపున పడింది ఛత్రపురంలో ఉన్నప్పుడే. కాన్పుకి ఇంగ్లండ్ వెళ్లారు. 1912 జూన్ 23న లండన్‌లో పుట్టాడు.

అమ్మ వైపు తాతగారు ఎడ్వర్డ్ స్టోనీ ఇంకా ఆసక్తికరమైన మనిషి. మద్రాస్ రైల్వేలో చీఫ్ ఇంజినీర్. తుంగభద్ర మీద రైలు వంతెన కట్టించారు. ఆయన పేరు మీద ఒక పేటెంట్ ఉంది, చప్పుడు చేయని పంకా చక్రం. అప్పట్లో కరెంటు ఫ్యాన్లు లేవు. పైన వేలాడే గుడ్డ పంకాకి తాడు కట్టి, ఆ తాడుని చక్రం మీదుగా తెచ్చి, బయట ఒక మనిషి కూర్చుని లాగేవాడు. చక్రం కిర్రుమంటే లోపల నిద్ర పట్టదు. ఆ కిర్రు లేకుండా చేసింది స్టోనీ గారి చక్రం. తాత మెషిన్ నోరు మూయించడానికి పేటెంట్ తీసుకుంటే, మనవడు మెషిన్‌కి నోరు ఎలా తెరిపించాలో మాన్యువల్ రాశాడు.

ఆలన్ మాత్రం ఈ నేల మీద అడుగు పెట్టలేదు. మన ఎండలు పిల్లలకి పడవని, ఇంగ్లండ్‌లోనే చదువు బాగుంటుందని అన్నదమ్ములిద్దరినీ ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఒక రిటైర్డ్ కల్నల్ ఇంట్లో పెట్టి, తల్లిదండ్రులు ఇక్కడికి వచ్చేశారు. అప్పటికి ఆలన్‌కి ఏడాది దాటి కొన్ని నెలలు. తర్వాత కొన్నేళ్లు అమ్మానాన్న అంటే లీవులో వచ్చి పోయే మనుషులు. మన జిల్లాల్లో రెవెన్యూ లెక్కలు చూసుకుంటూ ఒక తండ్రి ఉంటే, సముద్రాలకి అవతల ఆయన కొడుకు వేరేవాళ్ల ఇంట్లో పెరిగాడు. గల్ఫ్‌కి పోయిన నాన్నలు మా ఊరి చుట్టుపక్కల ఇంటింటా ఉన్నారు. అందుకని ఈ ముక్క చదువుతూ నేను కాసేపు ఆగాను.

1926లో షెర్‌బోర్న్ స్కూల్లో చేరాల్సిన రోజు దేశమంతా సమ్మె. రైళ్లు లేవు. పదమూడేళ్ల ఆలన్ సౌతాంప్టన్ నుంచి దాదాపు 60 మైళ్లు సైకిల్ తొక్కుకుంటూ పోయి స్కూల్లో చేరాడు. అక్కడే క్రిస్టఫర్ మోర్కమ్ అనే కుర్రాడు పరిచయం. ఇద్దరికీ లెక్కలు, నక్షత్రాలు పిచ్చి. తన పక్కన కూర్చుని తన భాషలో మాట్లాడే మనిషి ఆలన్‌కి మొదటిసారి దొరికాడు. 1930 ఫిబ్రవరిలో మోర్కమ్ క్షయతో చనిపోయాడు. ఆ దుఃఖం ఆలన్‌ని చాలా ఏళ్లు వదల్లేదు. మోర్కమ్ వాళ్లమ్మకి ఉత్తరాలు రాస్తూ ఉండేవాడు. మనిషి పోయాక మనసు ఏమవుతుంది, మనసు శరీరం అనే మెషిన్‌లో ఎలా ఉంటుంది అనే ప్రశ్న ఆయనకి అక్కడే పట్టుకుందని జీవితచరిత్రకారులు అంటారు.

1931లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ. 1936లో, 24 ఏళ్ల వయసులో, మనం చదివే ఆ పేపర్. అప్పటికి కంప్యూటర్ అంటే వస్తువు కాదు, జీతానికి లెక్కలు చేసే మనిషి. ఆ మనిషి కాగితం మీద చేసే పనిని అడుగు అడుగుగా విడగొట్టి, ఇవే అడుగులు ఒక మెషిన్ వేయగలదని ట్యూరింగ్ గారు చూపించారు. ఏ మెషిన్ పనినైనా చేయగల ఒకే మెషిన్ ఉండొచ్చని కూడా చూపించారు. మన జేబులో ఫోన్ కాలిక్యులేటర్ కూడా, రేడియో కూడా, కెమెరా కూడా కావడానికి మూలం ఆ మాటే. ప్రింటర్ పాట పాడడానికి కూడా.

యుద్ధం మొదలైన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, ఆయన బ్లెచ్‌లీ పార్క్‌లో డ్యూటీలో చేరారు. జర్మన్ల ఎనిగ్మా సందేశాలు విప్పే చోటు అది. ఈ భాగం సినిమాలో ఉంది కాబట్టి చప్పుడుకి సంబంధించినవి మాత్రం చెప్తాను. ఆయన సైకిల్ చైను అప్పుడప్పుడు ఊడిపోయేదట. బాగు చేయించకుండా, ఎన్ని చుట్లకి ఒకసారి ఊడుతోందో లెక్కపెట్టి, సరిగ్గా ఆ లెక్క వచ్చే ముందు ఒక కిటుకుతో ఊడకుండా చూసుకునేవారని తోటి ఉద్యోగులు చెప్పుకున్నారు. తిరిగే వస్తువుని లెక్కపెట్టడం ఆయనకి అంత సహజం.

అక్కడ ఆయన డిజైన్ చేసిన మెషిన్ పేరు బాంబ్. పోలండ్ గణితవేత్తలు అంతకు ముందు చేసిన పని మీద నిలబడి ఆయన దాన్ని ఆలోచించారు, గోర్డన్ వెల్ష్‌మన్ దాన్ని ఇంకా పదును పెట్టారు. మొదటిది 1940 మార్చిలో వచ్చింది. ఒక్కోటి దాదాపు టన్ను బరువు. డ్రమ్ములు తిరుగుతుంటే ఆ గదుల్లో చెవులు చిల్లులు పడే మోత. ఆ మోత ఆగితే కబురు అన్నమాట. సరిపోయే తాళం ఏదో దొరికిందని, లేదా దొరికినట్టు ఉందని. అక్కడ పనిచేసిన అమ్మాయిలు మోత మధ్యలో నిశ్శబ్దం కోసం చెవులు రిక్కించేవారు.

యుద్ధం చివర్లో ఇంకో పని చేశారు. డిలైలా అనే పెట్టె. ఫోన్‌లో మాట్లాడే గొంతుని సెకనుకు కొన్ని వేల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ రహస్య సంఖ్య కలిపితే, మధ్యలో వినేవాడికి ఒట్టి హోరు వినిపిస్తుంది. అవతలి పెట్టె ఆ సంఖ్యల్ని తీసేస్తే మళ్లీ గొంతు వస్తుంది. యుద్ధం అయిపోవడంతో వాడకానికి రాలేదు. కానీ చూడండి, శబ్దం అంటే సంఖ్యల వరస అనే సంగతి ఆయన చేతులతో కట్టి చూసుకున్నారు.

1948లో మాంచెస్టర్ యూనివర్సిటీకి వెళ్లారు. ఫ్రెడీ విలియమ్స్, టామ్ కిల్‌బర్న్ అక్కడ అప్పటికే మెమరీలో ప్రోగ్రామ్ దాచుకునే కంప్యూటర్ చేసి నడిపించారు. దాని మీద ఆధారపడి ఫెరాంటీ కంపెనీ తయారు చేసిన మార్క్ 1 మెషిన్ 1951 ఫిబ్రవరిలో యూనివర్సిటీకి వచ్చింది. దాదాపు 4000 వాల్వులు. స్క్రీన్, కీబోర్డు లాంటివి ఊహించుకోకండి. ప్రోగ్రామ్ అంటే చిల్లులు పొడిచిన కాగితం టేపు, జవాబు టెలిప్రింటర్ మీద టకటకా వచ్చేది. దానికి ప్రోగ్రామర్ల హ్యాండ్‌బుక్ రాసింది ట్యూరింగ్ గారు.

ఆ మెషిన్‌కి ఒక చిన్న స్పీకర్ ఉంది. దాన్నే హూటర్ అనేవారు. ఒక ఇన్‌స్ట్రక్షన్ ఇస్తే హూటర్ ఒక్కసారి టిక్ అంటుంది, అంతే. ఎందుకంటే పక్కన వేరే పని చేసుకుంటున్న మనిషికి ప్రోగ్రామ్ ఎక్కడిదాకా వచ్చిందో, పని అయిపోయిందో, ఎక్కడైనా తప్పు జరిగిందో చెవితో తెలియాలి. ఇది మన దగ్గర ఏ రైతుకైనా చెప్పక్కర్లేదు. గట్టు మీద కూర్చునే, మోటరు నీళ్లు పోస్తుందో, గాలి గుంజుతుందో చప్పుడుని బట్టి చెప్పేస్తారు. పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము తిరుగుతుంటే, పై పొట్టు పోయి కొమ్ము నున్నగా అయిందని లోపలికి చూడకుండానే చెప్పేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

ఒక్క టిక్ చెవికి ఆనదు. అందుకని దాన్ని లూప్‌లో పెట్టాలి. ఆ మెషిన్‌లో ఇలాంటి ఇన్‌స్ట్రక్షన్‌కి 0.96 మిల్లీసెకన్లు పడుతుంది. హూటర్ ఇన్‌స్ట్రక్షన్ ఒకటి, వెనక్కి పొమ్మనేది ఒకటి, మొత్తం రెండు ఉన్న లూప్ రాస్తే చుట్టుకి 1.92 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు దాదాపు 521 టిక్కులు. లూప్‌లో ఇంకో ఇన్‌స్ట్రక్షన్ ఇరికించి మూడు చేస్తే సెకనుకు దాదాపు 347. కాలిక్యులేటర్ తీయండి. 347ని ఒకటిన్నరతో గుణిస్తే 521కి దగ్గరగా వస్తుంది. మళ్లీ అదే, స, ప. కాంటా దగ్గరి ప్రింటర్‌లో 3, 2 వేసిన లెక్కే 1951లో మాంచెస్టర్‌లో కూడా. టిక్కుల్ని లూప్‌లో పెడితే నిలకడైన స్వరం వస్తుందని, లూప్ పొడవు మారిస్తే స్వరం మారుతుందని హ్యాండ్‌బుక్‌లో ఉంది. పాటలు కట్టడం మీద మాత్రం ట్యూరింగ్ గారికి పెద్ద ఆసక్తి ఉండేది కాదు. ఆయనకి హూటర్ ఒక గంట, అంతే.

పాట విన్నది ఇంకొకరు. క్రిస్టఫర్ స్ట్రేచీ అనే స్కూల్ టీచర్. కింగ్స్ కాలేజీలో చదివిన మనిషి, ట్యూరింగ్ గారికి అప్పటి నుంచి పరిచయం. హ్యాండ్‌బుక్ తెప్పించుకుని చదివి, ఒక పెద్ద ప్రోగ్రామ్ రాసుకుని మాంచెస్టర్ వచ్చారు. ఆ మెషిన్ మీద అంత పొడుగు ప్రోగ్రామ్ అప్పటికి ఎవరూ రాయలేదు. ట్యూరింగ్ గారు మెషిన్ ఎలా నడపాలో గబగబా చూపించి, రాత్రికి మెషిన్‌ని ఆయనకి వదిలేసి వెళ్లిపోయారు. తెల్లారేసరికి ప్రోగ్రామ్ నడిచింది. చివర్లో హూటర్ ఇంగ్లండ్ జాతీయగీతం పాడింది. ట్యూరింగ్ గారు ముక్తసరిగా మెచ్చుకున్నారు. ఒక కొత్త మనిషికి, బయటి మనిషికి, దేశంలోనే అరుదైన మెషిన్‌ని రాత్రంతా ఇచ్చి వెళ్లిపోవడం, నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన విషయం ఇదే. ల్యాబ్ తాళాల గురించి మనందరికీ తెలుసు కదా.

1951 చివర్లో బీబీసీ వాళ్లు వచ్చి ఆ హూటర్ పాటల్ని రికార్డు చేసుకున్నారు. జాతీయగీతం, బా బా బ్లాక్ షీప్, గ్లెన్ మిల్లర్ ఇన్ ద మూడ్. మూడో పాట మధ్యలో మెషిన్ మొరాయించింది, అక్కడున్నవాళ్లు నవ్వారు, ఆ నవ్వు కూడా డిస్క్‌లో ఉంది. కంప్యూటర్ సంగీతానికి ఇప్పుడు మిగిలిన అతి పాత రికార్డింగ్ ఇదే. ఆస్ట్రేలియాలో సిసిరాక్ అనే కంప్యూటర్ కూడా ఆ రోజుల్లోనే పాడింది, అయితే అప్పటి పాట ఎవరూ రికార్డు చేయలేదు. 2016లో జాక్ కోప్‌లాండ్, జేసన్ లాంగ్ అనే ఇద్దరు ఈ బీబీసీ డిస్క్‌ని బాగు చేశారు. డిస్క్‌లో వినిపిస్తున్న కొన్ని స్వరాలు ఆ మెషిన్‌కి అసలు సాధ్యం కావని లెక్క వేసి చూశారు. ఎందుకంటే లూప్‌లో ఇన్‌స్ట్రక్షన్లు రెండు ఉంటాయి, మూడు ఉంటాయి కానీ రెండుంపావు ఉండవు. అంటే రికార్డింగ్ స్పీడే తేడా. ఆ స్పీడు సరిచేస్తే మెషిన్ అసలు గొంతు బయటికి వచ్చింది. నెట్‌లో దొరుకుతుంది, వినండి. శ్రుతి అక్కడక్కడ తప్పుతుంది. కానీ ఎవరో గట్టిగా ప్రయత్నిస్తున్నారని మాత్రం తెలుస్తుంది.

తర్వాత వచ్చిన ప్రతి మెషిన్‌తోనూ ప్రోగ్రామర్లు ఈ పని చేశారు. 1959లో ఐబీఎం 1403 ప్రింటర్ వచ్చింది. అక్షరాల గొలుసు ఒకటి గిర్రున తిరుగుతుంటే, వెనక నుంచి 132 సుత్తులు కాగితాన్ని కొట్టేవి. ఏ అక్షరాలు ఏ వరసలో ఇస్తే సుత్తులు ఏ స్వరంలో మోగుతాయో కనిపెట్టి, పాటల్ని పంచ్ కార్డుల కట్టలుగా దాచుకున్నారు. 1990ల చివర్లో కెనడాలో ఇద్దరు కళాకారులు ఆఫీసులు పారేసిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లతో ఒక సింఫనీయే నడిపారు. మనం చూసే వీడియోలు ఆ వంశమే.

ఇప్పుడు చెప్పడానికి ఇష్టం లేని భాగం. బీబీసీ రికార్డింగ్ అయిన కొన్ని నెలలకి, 1952 మొదట్లో, ట్యూరింగ్ గారి ఇంట్లో దొంగతనం జరిగింది. ఆయనే పోలీసులకి చెప్పారు. విచారణలో ఆయనకి ఇంకో మగవాడితో సంబంధం ఉందని బయటపడింది. ఆయన దాచలేదు. ఇంగ్లండ్‌లో 1885 నాటి చట్టం ప్రకారం అది నేరం. 1952 మార్చి 31న కోర్టు శిక్ష వేసింది. జైలు వద్దంటే ఏడాదిపాటు హార్మోన్ల మందు తీసుకోవాలి. ఆయన మందు ఒప్పుకున్నారు. దాంతో ఒళ్లు మారిపోయింది. ప్రభుత్వ రహస్య పనులకి ఇక పనికిరాడన్నారు. ఏ దేశం కోసం ఎనిగ్మా విప్పారో ఆ దేశం. ఆ పని రహస్యం కాబట్టి కోర్టులో దాని గురించి చెప్పుకునే వీలు కూడా లేదు. 1954 జూన్ 7న సైనైడ్‌తో చనిపోయారు. పక్కన సగం కొరికిన ఆపిల్. వయసు 41. ఆత్మహత్య అని విచారణలో తేల్చారు. పొరపాటున జరిగిందని వాళ్లమ్మ చివరిదాకా నమ్మింది.

2013లో రాణి క్షమాభిక్ష ఇచ్చారు. 2021లో 50 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ వచ్చింది. మన దగ్గర కూడా ఇంగ్లీషువాళ్లు 1860లో రాసిపెట్టిన 377 సెక్షన్, ఇష్టపడి కలిసి ఉన్న పెద్దవాళ్లకి వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పేదాకా నడిచింది. అప్పటికి నేను హైస్కూల్లో ఉన్నాను. అంటే ఇది తాతల కాలం ముచ్చట కాదు. హాస్టల్ కారిడార్‌లో ఒక కుర్రాడి నడకనో గొంతునో పట్టుకుని వేసే జోకులు నేను వింటూనే ఉన్నాను. ఆ జోకులు వేసేవాళ్ల లాప్‌టాప్‌లో కూడా ట్యూరింగ్ మెషిన్ అసైన్‌మెంట్ ఉంటుంది. జోకు అందుకున్నవాడు నవ్వి ఊరుకుంటాడు. లోపల ఏం నడుస్తోందో చెప్పడానికి మెషిన్‌కి హూటర్ పెట్టారు, మనిషికి పెట్టలేదు. మనమే చెవి పెట్టాలి.

చివరగా ఒక మాట. మీ ఊరి వే బ్రిడ్జిలోనో, పాత ఆఫీసులోనో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ స్క్రాప్‌కి పోతుంటే నాకు కబురు పెట్టండి. పిన్నుకి నేరుగా ఆర్డర్ ఇచ్చే గ్రాఫిక్స్ మోడ్ దాదాపు అన్నింటిలో ఉంటుంది. ఒక వరసలో ప్రతి మూడో చుక్క, తర్వాతి వరసలో ప్రతి రెండో చుక్క కొట్టిద్దాం. స, ప దొరుకుతాయి. మిగతా ఐదు స్వరాలకి కొంచెం కష్టపడాలి, స్ట్రేచీ గారు పడ్డట్టే. రాత్రికి ల్యాబ్ తాళం ఎవరైనా ఇస్తే చాలు.